ఆరో ప్యానెల్ సంగతి

విజయవాడ,
ఆదివారం, పొద్దున్న ఆరున్నర

ఒరేయ్ మామా,

ముందు తిట్టాల్సిన తిట్లన్నీ తిట్టేసుకో, ఆ తర్వాతే చదువు. నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. జవాబు రాద్దామని మూడుసార్లు కూర్చున్నాను. ఒకసారి కరెంటు పోయింది, ఒకసారి చుట్టాలొచ్చారు, మూడోసారి మాత్రం ఏ కారణమూ లేదు, బద్ధకం. క్షమించు.

ఇంటి సంగతులు గబగబా చెప్పేస్తాను. అందరం బాగున్నాం. పెద్దోడి పరీక్షలు అయిపోయాయి, బాగానే రాశానంటున్నాడు. మా ఆవిడకి బదిలీ ఈసారికి తప్పింది. అమ్మ మోకాళ్ల నొప్పులు అలాగే ఉన్నాయి, అయినా రోజుకు రెండుసార్లు డాబా ఎక్కకుండా ఉండదు. డాబా అన్నాను కాబట్టి అసలు సంగతికి వచ్చేస్తాను. పది రోజులుగా నీకు చెప్పాలని గొంతు దాకా వచ్చి ఆగి ఉంది.

ఇంటి మీద సోలార్ పెట్టిస్తున్నాం. నువ్వూ భీమిలి ఇంటికి పెట్టిద్దామనుకుంటున్నావుగా, అందుకే ఇది జాగ్రత్తగా చదువు, మధ్యలో పేజీలు తిప్పెయ్యకు.

2024 ఫిబ్రవరిలో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకం నీకు తెలిసిందే. మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కి 30,000, మూడోదానికి 18,000, అంటే మూడు కిలోవాట్లకు 78,000 సబ్సిడీ. అయితే ప్యానెల్ డీసీఆర్‌ది అయ్యుండాలి. అంటే లోపలి సెల్స్ (వెలుగుని కరెంటుగా మార్చే చిన్న పలకలు) కూడా మన దేశంలో తయారైనవే కావాలి. మొదట ఒక డీలరు దగ్గరికి వెళ్లాను. అందరికంటే ముప్పై వేలు తక్కువ చెప్పాడు. డీసీఆర్ సర్టిఫికెట్ చూపించండి అన్నాను. "అవన్నీ మేం చూసుకుంటాం సార్" అన్నాడు. రెండోసారి అడిగినా అదే మాట. లేచి వచ్చేశాను. నువ్వు కూడా అక్కడ గట్టిగా అడుగు మామా, మొహమాట పడకు.

రెండో డీలరు కుర్రాడు మంచివాడు. రెండు రకాలు చూపించాడు. ఒకటి మోనో పర్క్, 540 వాట్లు. ఇంకోటి టాప్‌కాన్, 580 వాట్లు. ఆ పేర్లు లోపలి సెల్ తయారీ రకాలవి, టాప్‌కాన్ కొత్త రకం. రెండూ ఏడున్నర అడుగుల పొడవు, మూడుముప్పావు అడుగుల వెడల్పు. ఆకారంలో తేడా లేదు, ధరలో ఉంది. పర్క్ అయితే ఆరు వేస్తానన్నాడు, మొత్తం 3,240 వాట్లు, 1,92,000. టాప్‌కాన్ అయితే అయిదు, 2,900 వాట్లు, 1,96,000. తక్కువ డబ్బుకి ఎక్కువ వాట్లు వస్తుంటే ఇంక ఆలోచించేదేముంది అనిపిస్తుంది కదా? నాకూ అలాగే అనిపించింది. అడ్వాన్స్ ఇచ్చెయ్యబోయాను కూడా.

రాత్రి కూర్చుని రెండింటి డేటా షీట్లూ చదివాను. మన పాత అలవాటు, రెండో రేడియో కొన్నప్పటి నుంచీ ఉన్నదే. అందులో నన్ను పట్టుకున్నది వేడి. ప్యానెల్ మీద రాసే 540, 580 అంకెలు సెల్ 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు ఇచ్చే వాట్లు. బెజవాడలో మిట్టమధ్యాహ్నం 25 డిగ్రీలు ఏ నెలలో ఉంటాయి చెప్పు? పైన ఒక్కో డిగ్రీ పెరిగేకొద్దీ పర్క్ 0.35 శాతం పోగొట్టుకుంటుంది, టాప్‌కాన్ 0.30 శాతం. అంకెలు చూస్తే చిన్నవే. కానీ ఆ 25 మీద ఇంకో నలభై డిగ్రీలు పెరిగితే పర్క్‌కి పద్నాలుగు శాతం, టాప్‌కాన్‌కి పన్నెండు శాతం పోతుంది. 540 ప్యానెల్ 464 దగ్గర నిలబడుతుంది, 580 ప్యానెల్ 510 దగ్గర.

కాగితం మీద చదివితే నమ్మకం కుదరలేదు. కళ్లతో చూడాలనిపించింది. డీలరు కుర్రాణ్ని అడిగితే పాపం ఒప్పుకున్నాడు. రోహిణీ కార్తె వచ్చిన మూడో రోజు, పదకొండు గంటలకి, ట్రాలీ ఆటోలో రెండు రకాలూ ఒక్కోటి తెచ్చాడు. మా ఎదురింటి కుర్రాడు ఐటీఐ చదివాడు, మీటర్లు వాడివి. పర్క్ ఇరవై ఎనిమిది కిలోలు, టాప్‌కాన్‌కి ముందూ వెనకా అద్దమే కాబట్టి ముప్పై దాటుతుంది. మా మెట్ల మలుపు నీకు తెలుసుగా, మంచం దించడానికి ఆ రోజు మనం పడ్డ అవస్థ! సరిగ్గా అక్కడే ఇరుక్కుంది. ముగ్గురం తలో కొసా పట్టుకుని, గోడకి తగలకుండా నిలువుగా తిప్పి, ఎలాగో పైకి చేర్చాం.

రెండు నవారు మంచాలు పక్కపక్కన వేసి వాటి మీద పడుకోబెట్టాం. తల వైపు ఇటుకలు పెట్టి, రెండూ ఒకే వాలులో దక్షిణానికి చూసేట్టు సర్దాం. అరగంట ఎండనిచ్చాం. నీడలోనే నలభై మూడు డిగ్రీలు ఆ రోజు. వేడి కొలిచే గన్ అడుగున పెట్టి చూస్తే రెండూ అరవై ఏడు! చెయ్యి పెడితే పెనం మీద పెట్టినట్టే ఉంది. పర్క్ వెనక లేబుల్ మీద ఓపెన్ సర్క్యూట్ వోల్టేజి, అంటే వైర్లకి ఏమీ తగిలించనప్పటి వోల్టేజి, 49.6 అని ఉంది, మీటర్ 44 చూపించింది. టాప్‌కాన్ లేబుల్ మీద 51.5 ఉంది, మీటర్లో 46. వేడి వోల్టేజిని ఎలా తినేస్తుందో కళ్లముందే కనిపించింది మామా. చల్లబడతాయేమో చూద్దామని ఎదురింటి కుర్రాడు బకెట్ నీళ్లు ఎత్తాడు. గబుక్కున చెయ్యి పట్టుకున్నాను. అంత కాలిన అద్దం మీద చన్నీళ్లు పోస్తే పగిలిపోగలదు. నీ ఇంటికి పెట్టాక నువ్వు కూడా తెల్లారకముందే కడిగించు, మధ్యాహ్నం మాత్రం వద్దు.

తర్వాత నీడ పరీక్ష. ప్యానెల్‌కి స్విచ్ ఉండదు, వెలుగు పడినంతసేపూ కరెంటు పుడుతూనే ఉంటుంది. అందుకని మందపాటి దుప్పటి కప్పి, దాని రెండు వైర్ల కొసలూ ఒకదాంట్లో ఒకటి బిగించి, కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ తగిలించి, అప్పుడు దుప్పటి లాగేశాడు ఎదురింటి కుర్రాడు. పర్క్ 12.4 ఆంపియర్లు. ఇప్పుడు అదే దుప్పటిని మడత పెట్టి, కింద అంచున ఉన్న ఒక్క వరస సెల్స్ మీద మాత్రమే పరిచాడు. సగానికి పడిపోయింది, 6.2! ఒకే ఒక్క వరసకి! టాప్‌కాన్ కూడా అంతే చేసింది. రెండింట్లోనూ సగానికి కోసిన సెల్సే, ప్యానెల్ పై సగం, కింది సగం వేరువేరుగా పనిచేస్తాయి కాబట్టి పై సగం బతికింది, వెనకటి రకం అయితే దాదాపు మొత్తం పోయేదన్నాడు కుర్రాడు. వైర్లు విడదీసే ముందు మళ్లీ దుప్పటి కప్పాడు. లేకపోతే నిప్పురవ్వలు లేస్తాయట. ఆ జాగ్రత్త నాకు నచ్చింది.

ఇంతసేపూ అమ్మ మజ్జిగ చెంబు పట్టుకుని మెట్ల గది గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఎప్పుడొచ్చిందో కూడా గమనించలేదు. గ్లాసులు అందిస్తూ మెల్లగా అడిగింది.

"ఆరోది ఎక్కడ పెడతారు?"

దక్షిణం వైపు వరసగా అయిదే పడతాయి. ఆరోదానికి చోటు లేక, డీలరు కుర్రాడు ఈశాన్యం మూల సుద్దతో గీత గీసి పెట్టాడు. అటు చూపించాను. అమ్మ ఏమీ అనలేదు. ఆ మూలకేసి చూసింది. నాకు అప్పుడు గాని వెలగలేదు. అది అమ్మ వడియాల చోటు.

నువ్వు ఎరుగుదువు ఆ మూల. పాత చీర పరిచి, నాలుగు కొసల మీద నాలుగు రాళ్లు పెట్టి, గుమ్మడి వడియాలు, చల్ల మిరపకాయలు, ఏటా మామిడి తాండ్ర. నీ హార్లిక్స్ సీసా నిండేది అక్కడి నుంచే. నలభై ఏళ్ల నుంచి ఆ నాలుగు గజాల ఎండ అమ్మది. డబ్బు లెక్కలు, వాట్ల లెక్కలు, శాతాల లెక్కలు అన్నీ వేశాను గాని, ఆ గజాల్ని లెక్కలోకి తీసుకోలేదు. చాలా బాధేసింది మామా. అమ్మ అడగకపోతే సుద్ద గీత మీద బోల్టులు దిగేవి.

డీలరు కుర్రాడు మంచి మనసుతోనే అన్నాడు, "ఎనిమిది అడుగుల ఎత్తున స్ట్రక్చర్ వేసేస్తాను మామ్మగారూ, కింద మీరు హాయిగా ఎండబెట్టుకోవచ్చు" అని.

"నీడలో వడియాలు ఎండుతాయా నాయనా?" అంది అమ్మ.

ఆ కుర్రాడు నవ్వేశాడు, మేమూ నవ్వాం. అమ్మ మాత్రం నవ్వలేదు, ఇంకో మాట చెప్పింది. నీకు చెప్పాలని ఇన్నాళ్లూ ఆగలేకపోయింది దీని గురించే. "అయినా అక్కడ పెడితే చలికాలం పనికిరాదు కదరా. ఎండాకాలం ట్యాంకు నీడ తూర్పుకి పోతుంది, నాకేం అడ్డు రాదు. ధనుర్మాసంలో అయితే మూడింటికల్లా సరిగ్గా ఈ మూలకే వస్తుంది. అప్పుడు నేను మూడు కొట్టకముందే చీర ఎత్తేస్తాను."

నేనూ డీలరు కుర్రాడూ మొహమొహాలు చూసుకున్నాం. మా మెట్ల గది పడమటి గోడకి మధ్యలో ఉంది, దాని మీద ట్యాంకు. చలికాలం సూర్యుడు నైరుతికి దిగుతాడు, నీడ ఈశాన్యానికే పడాలి. అవును! మేము చూసింది మే నెలలో. మా కంటికి ఆ మూల నిగనిగలాడే ఎండే కనిపించింది. పైగా ప్యానెల్స్ అన్నీ ఒకే తీగలో వరసగా కలుపుతారు కాబట్టి, ఒకదాని మీద నీడ పడితే ఆ దెబ్బ దానితోనే ఆగదు. ఇందాక దుప్పటి పరిచి చూసింది అదే కదా, ట్యాంకు నీడ అంతకంటే పెద్ద దుప్పటి. ఈ సంగతి ఏ డేటా షీట్‌లో ఉంటుంది? నలభై ధనుర్మాసాలు ఆ మూల చీర పరిచిన మనిషికే తెలుస్తుంది. ఈశాన్యంలో బరువు పెట్టకూడదని కూడా నెమ్మదిగా అంటించింది లే, దాన్ని నేను వాదించలేదు.

అక్కడితో తేలిపోయింది. ఆరోది లేదు. అయిదింటికే చోటు. ఇక అయిదు పర్కా, అయిదు టాప్‌కానా? అయిదు పర్క్ అంటే 2,700, టాప్‌కాన్ అంటే 2,900. చోటు బిగుసుకున్నప్పుడు ఒక్కో ప్యానెల్ ఎన్ని వాట్లు ఇస్తుందన్నదే ముఖ్యం. వేడిలో తక్కువ పోవడం దాని మీద లాభం. ఇంకోటి, పర్క్‌కి మొదటి ఏడాది రెండు శాతం, తర్వాత ఏటా 0.55 తగ్గుతుందని, ఇరవై ఐదేళ్లకి 84.8 శాతం మిగులుతుందని గ్యారంటీ. టాప్‌కాన్‌కి మొదటి ఏడాది ఒకటి, తర్వాత 0.4, ముప్పై ఏళ్లకి కూడా 87.4. అందుకని టాప్‌కానే చెప్పేశాను. ఆరు పర్క్ వేసుంటే ఎండాకాలంలో రోజుకి ఒక యూనిట్ అటూ ఇటూగా ఎక్కువ వచ్చేది, అది నిజం, దాచను. మూడు కిలోవాట్లకి కాస్త తగ్గింది కాబట్టి సబ్సిడీ కూడా పద్దెనిమిది వందలు తక్కువ, 76,200 వస్తుంది. ఫర్వాలేదు.

కానీ నువ్వు నన్ను చూసి టాప్‌కాన్ కొనెయ్యకు. నీ డాబా మా దానికి రెండింతలు, అడ్డం వచ్చే ట్యాంకు లేదు. చోటు దండిగా ఉన్నవాడికి పర్క్ ఇంకొకటి ఎక్కువ వేసుకోవడమే గిట్టుబాటు. అయితే మీది సముద్రపు గాలి. ప్యానెల్ ఏదైనా రెండు వైపులా అద్దం ఉన్నదే తీసుకో, తేమ అంత సులువుగా లోపలికి పోదు. ఉప్పు గాలికి తట్టుకుంటుందని పరీక్ష చేసిన సర్టిఫికెట్ ఉందా అని అడుగు. స్ట్రక్చర్ వేడి జింకులో ముంచి తీసిందే కావాలను, బోల్టులు స్టెయిన్‌లెస్‌వి. తుపాను గాలికి ముందు లేచేది ప్యానెల్ కాదు, తుప్పు పట్టిన బోల్టు. అంతకంటే ముందు, మీ అత్తగారిని ఒకసారి డాబా మీదికి తీసుకెళ్లి, ఏ నెలలో ఏ నీడ ఎక్కడ పడుతుందో అడుగు. ఆవిడ అప్పడాలు పెట్టేది కూడా అక్కడే కదా?

ఇంకా నెట్ మీటర్ గురించి రాయాలి. దరఖాస్తు పెట్టాం, డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) వాళ్లు వచ్చి చూసి వెళ్లాలి, అది వచ్చాక మనం పగలు పంపిన యూనిట్లు రాత్రి వాడినవాటిలో ఎలా మినహాయిస్తారంటే... అది ఇంకో ఉత్తరం పడుతుంది. డాబాకి తెల్ల సున్నం వేయిస్తున్నాను, కింద నుంచి తిరిగొచ్చే వెలుగు కూడా ఈ ప్యానెల్ వెనక వైపు పట్టుకుంటుందట, ఎంత తేడా వస్తుందో చూసి...

గేటు దగ్గర ఆటో ఆగింది. స్ట్రక్చర్ వాళ్లే. తొమ్మిదింటికి వస్తామని ఏడింటికే దిగారు! అమ్మ అప్పుడే పైకి వెళ్లిపోయింది, నిన్న సాయంత్రం రుబ్బిన పిండి పట్టుకుని. ఈ ఇనుప కమ్మీలు ఆవిడ చీర మీద పెట్టకుండా నేను వెంటనే పోవాలి. సీసా పంపించు, ఖాళీదే

నీ
మామ