కాడి మీద బరువు

ఒరేయ్ బావా,

ముందు నన్ను తిట్టాల్సినవన్నీ తిట్టేసి, తర్వాత చదువు. నువ్వు జూన్‌లో రాస్తే నేను సెప్టెంబర్‌లో జవాబిస్తున్నాను. ఫోన్ చేసి చెప్పేద్దామని రెండుసార్లు చేతిలోకి తీసుకుని పెట్టేశాను. ఇది నువ్వు మధ్యలో అడ్డం రాకుండా మొత్తం వినాల్సిన విషయం.

ఇక్కడ అందరం బాగున్నాం. చిన్నాడు హైస్కూల్లో చేరాడు, మీ చెల్లి ఉద్యోగం మారింది, అమ్మకి బీపీ అదుపులో ఉంది. మిగతా కబుర్లు వచ్చే ఉత్తరంలో.

మా పక్కింటి పెద్దాయన గుర్తున్నాడు కదా? నువ్వు పంపిన ఆవకాయ సీసా సగం ఖాళీ చేసినాయన. ఇప్పుడాయనకి 74 ఏళ్లు. రెండు మోకాళ్లకీ ఆపరేషన్ అయింది. రెండు చక్రాల బండి నిలబెట్టడం ఇక కాదని దాన్ని అమ్మేసి, హార్లీ వాళ్ల ట్రై గ్లైడ్ కొన్నాడు. అంటే ట్రైక్: ముందు ఒక చక్రం, వెనక రెండు. దాదాపు 560 కిలోలు. ఇంచుమించు మన బుల్లెట్లు మూడు కలిపినంత బరువు.

సౌత్ డకోటాలో స్టర్జిస్ అని చిన్న ఊరుంది. 1938లో మొదలైన మోటార్ సైకిళ్ల జాతర అక్కడ ఏటా ఆగస్టులో జరుగుతుంది. మా డాలస్ నుంచి సుమారు 1,100 మైళ్లు. ఆయన పాతికేళ్లుగా బండి మీదే వెళ్లొస్తున్నాడు. ఈసారి మా గుమ్మంలో నిలబడి, గొంతు తగ్గించి, "నీ పికప్‌కి ట్రైలర్ కట్టి తీసుకెళ్తావా?" అని అడిగాడు. అడగడానికి ఎంత ఇబ్బంది పడ్డాడో నీకు చెప్పలేను. అక్కడ కొందరికి ట్రైలర్ మీద బండి తెచ్చుకునేవాళ్లంటే చులకన, వాళ్లసలు రైడర్లే కాదంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది బావా. 74 ఏళ్ల మనిషి, లోహం మోకాళ్లతో, ఆగస్టు ఎండలో రెండు రోజులు హ్యాండిల్ పట్టుకుని రావాలా? వెంటనే సరేనన్నాను. నా బైకు, ఇంటర్‌సెప్టర్, కూడా ఎక్కిద్దాం అన్నాను.

ట్రైలర్ ఆయనదే. 16 అడుగులు, రెండు ఇరుసులు, చెక్క నేల. బయల్దేరే ముందు రోజు సాయంత్రం ఎక్కించే పనంతా నేనే మీద వేసుకున్నాను. ముందు నా బండి. ముందు చక్రాన్ని చాక్‌లోకి, అంటే చక్రం కదలకుండా పట్టుకునే చట్రంలోకి దూర్చి, ఫోర్కుల కింది బిగింపు దగ్గర మెత్తటి ఉచ్చులు వేసి, రెండు రాచెట్ బెల్టులు ముందుకీ పక్కలకీ లాగి, షాకబ్జార్లు సగం దిగేదాకా బిగించాను. హ్యాండిల్‌కి మాత్రం కట్టలేదు, అది వంగిపోతుంది. దాని వెనక ట్రైక్. వెనక చక్రాల మీద వలల్లాంటి బెల్టులు వేసి నేలకి లాగాను. హ్యాండ్ బ్రేక్ వేశాను. మిగిలిన జాగాలో, అంటే తోక వైపు, రెండు పెట్టెలు, ఐస్ డబ్బా, మడత కుర్చీలు.

బెల్టులు బిగిస్తున్నంతసేపూ రావులపాలెం కొబ్బరితాడే గుర్తొచ్చింది. మూడు ముళ్లు చాలన్నావు చూడు! సిద్ధాంతం వంతెన మీద... సరే, అది మళ్లీ తవ్వను. ఈసారి ఒక్క ముడి కూడా వదులవ్వకూడదని పట్టుదలగా కట్టాను. పెద్దాయన వచ్చి బెల్టులు లాగి చూసి బాగున్నాయన్నాడు. చీకటి పడింది. కట్టు ఎంత గట్టిగా ఉందో చూశాం గానీ, బరువు ఎక్కడ కూర్చుందో ఇద్దరం చూడలేదు.

ఓక్లహోమా అంతా హాయిగా దాటాం. రాత్రి విచిటాలో పడుకున్నాం. పొద్దున్నే సలైనా దగ్గర 70వ నంబర్ హైవే ఎక్కి పడమరకి తిరిగాం. అక్కడి నుంచి కాన్సాస్ అంతా గాలే. కనుచూపు మేర గాలిమరలు. దక్షిణం నుంచి అడ్డంగా కొడుతోంది. 68 మైళ్ల వేగంలో ఉన్నాను. చిన్న పల్లం. ఎడమ పక్క నుంచి 18 చక్రాల లారీ దాటింది.

అది దాటిన మరుక్షణం స్టీరింగ్ నా చేతిలో వదులైనట్టు అనిపించింది. అద్దంలో చూస్తే ట్రైలర్ తోక ఎడమకి జరుగుతోంది. తర్వాత కుడికి. మళ్లీ ఎడమకి, ఇంకొంచెం ఎక్కువగా. చేప తోక కొట్టినట్టు. ప్రతి ఊపుకీ పికప్ వెనక భాగాన్ని ఎవరో పట్టుకుని పక్కకి లాగుతున్నట్టుంది. మూడో ఊపుకి అద్దంలో ట్రైక్ పక్క లేన్‌లో కనపడింది. నా బండి అద్దం మీద ఎండ పడి కళ్లలోకి కొట్టింది. ఆ వెలుగు ఇప్పటికీ కళ్లు మూసుకుంటే కనపడుతోంది.

నా కాలు బ్రేక్ మీదకి వెళ్లిపోతోంది. పెద్దాయన నా ముంజేయి పట్టుకుని, పూజారి మంత్రం చెప్పినంత నిదానంగా, "బ్రేక్ వద్దు. స్టీరింగ్ తిప్పకు. కాలు ఎత్తెయ్, అంతే" అన్నాడు. అంటూనే ముందుకి వంగి, డ్యాష్‌బోర్డ్ కింద ట్రైలర్ బ్రేకులకి వేరే మీట ఉంటుంది, దాన్ని వేళ్లతో నొక్కాడు. నొక్కితే ట్రైలర్ చక్రాలే ఆగుతాయి, పికప్‌వి ఆగవు. దాంతో తోక వెనక్కి లాగబడి తాడు బిగిసినట్టు తిన్నగా అయింది. ఇంకో రెండు చిన్న ఊపులు, ఆగిపోయింది. నేను గనక బ్రేక్ నొక్కి ఉంటే, వెనకున్న బరువు ముందుకి తోసుకొచ్చి పికప్‌నే అడ్డం తిప్పేసేది బావా. మొత్తం పది సెకన్లు కూడా పట్టలేదు.

తర్వాతి ఎగ్జిట్‌లో పెట్రోల్ బంక్ దగ్గర ఆపాం. నేను దిగలేకపోయాను, కాళ్లు వణికాయి. ఆయన మాత్రం చక్రాల కింద చెక్కలు పెట్టి, ట్రైలర్ విప్పించి, "ముందు భాగం లేపి చూడు" అన్నాడు. నేనొక్కణ్ణే రెండు చేతులతో పట్టి లేపాను. లేచింది.

మూడు వేల తొమ్మిది వందల పౌండ్ల ట్రైలర్ ముందు భాగం ఒక్క మనిషి లేపితే లేచింది!

అప్పుడు గుర్తొచ్చార్రా మీ తాతగారు. సంక్రాంతి ముందు కళ్లంలో ధాన్యం బస్తాలు బండికెత్తాక, ఎడ్లని కట్టే ముందు నొగ చేత్తో పట్టి లేపి చూసేవారు కదా. తేలిగ్గా లేస్తే "కాడి తేలిపోతోంది, రెండు బస్తాలు ముందుకి జరపండ్రా" అని కేకేసేవారు. మరీ బరువుగా ఉంటే ఎడ్ల మెడలు పుండు పడతాయని వెనక్కి జరిపించేవారు. ఆ బస్తాలు మోసింది మనమే. పదేళ్ల వయసులో నాకు తెలిసిన విషయం, పికప్ వెనకుండే బంతి హిచ్ అనీ, దాని మీద కూర్చునే ట్రైలర్ ముక్కు కప్లర్ అనీ పేర్లు మారేసరికి గుర్తు రాలేదు. ఇక్కడి లెక్క కూడా అదే: మొత్తం బరువులో నూటికి 10 నుంచి 15 పాళ్లు ఆ బంతి మీద ఆనాలి. తక్కువైతే తోక ఊగుతుంది. మరీ ఎక్కువైతే పికప్ వెనక భాగం కుంగి, ముందు చక్రాలకి పట్టు తగ్గుతుంది.

అన్నీ దింపేశాం. ట్రైక్‌కి రివర్స్ గేరుంది, పెద్దాయనే కూర్చుని దించుకున్నాడు. చాక్ బోల్టులు విప్పి వెనక్కి మార్చాం. ఈసారి ట్రైక్ ముందు, దాని వెనక చక్రాలు ఇరుసులకి కాస్త ముందుగా వచ్చేట్టు. నా బండి వెనక. పెట్టెలూ ఐస్ డబ్బా ముందు మూలకి. హిచ్ కింద చెయిన్లు మళ్లీ కత్తెరలా అడ్డంగా వేశాను. కప్లర్ ఊడినా నొగ రోడ్డుకి తగలకుండా వాటి మీద వాలుతుంది. దారిలో ట్రక్ స్టాప్ కాటా మీద ట్రైలర్ తగిలించి ఒకసారి, విప్పి ఒకసారి పికప్‌ని తూచాం. తేడా 520 పౌండ్లు. ఆ అంకె చూశాక అన్నం సహించింది.

ఓక్లే దగ్గర 83వ నంబర్ హైవే ఎక్కి, నెబ్రాస్కా నిలువునా దాటి వెళ్లిపోయాం. అదే గాలి, అవే లారీలు. 62 మైళ్లు దాటనివ్వలేదు. ట్రైలర్ కదలలేదు. ఆగిన ప్రతిచోటా చక్రాల మధ్య చెయ్యి పెట్టి చూసేవాణ్ణి, బేరింగులు వేడెక్కుతున్నాయేమోనని.

సౌత్ డకోటా కొండల్లో ఐరన్ మౌంటెన్ రోడ్డుంది. 17 మైళ్లలో 314 మలుపులు. ట్రైక్ మలుపులో బైకులా వాలదు, చేతులతో తిప్పాల్సిందే. ఆయన ముందు, నేను వెనక. ఒక సొరంగంలోకి వెళ్తే అటు చివర చట్రంలో పెట్టినట్టు రష్‌మోర్ కొండ మీద చెక్కిన నలుగురు అమెరికా అధ్యక్షుల ముఖాలు. ఆయన ఒక చెయ్యి గాల్లోకి లేపి అరిచాడు. బయటికొచ్చాక బండి పక్కకి ఆపి హెల్మెట్ తీశాడు. ఆయన ముఖం... ఫొటో పంపుతాలే, నువ్వే చూడు.

బావా, ఒక మాట. మీ తాతగారి దినానికి నేను రాలేదు. టికెట్ దొరకలేదన్నాను. నిజం చెప్పాలంటే సెలవు అడగడానికి భయపడ్డాను, అప్పుడు ఉద్యోగం పరిస్థితి అలా ఉంది. ఆ బంకు దగ్గర నొగ పట్టుకుని నిలబడినప్పటి నుంచి అది నా మనసులో మెదులుతూనే ఉంది. పెద్దాయన ఏమైందని అడిగితే మీ తాతగారి గురించే చెప్పాను. ఆయన నాలుగుసార్లు అడిగి, "కాడి" అనే మాట పలకడం నేర్చుకున్నాడు. ఇప్పుడు ట్రైలర్ కట్టిన ప్రతిసారీ "కాడీ?" అని అడుగుతాడు, నేను లేపి చూసి సరేనంటాను.

ఆ బండి ఇంకా మీ పశువుల పాకలో ఉందా? చక్రాలు పోయినా నొగ ఉంటే ఉంచరా, అమ్మెయ్యకు. జనవరిలో వస్తున్నాను, ఈసారి టికెట్ తీసేశాను. అదీ చెప్పాలి, ఇంకా ఏదో...

చిన్నాడు ఫోన్ చేస్తున్నాడు, ప్రాక్టీస్ అయిపోయిందట, వాన మొదలైంది. వెళ్లి తీసుకురావాలి. మూడు ముళ్ల సంగతి మా అక్కకి చెప్పావా లే