మా వంటింట్లో మీ గిన్నెలు

ప్రస్తుతం మా వంటింటి గట్టు మీద పద్నాలుగు సామాన్లు బోర్లించి ఉన్నాయి. ఆరు స్టీలు డబ్బాలు, నాలుగు గిన్నెలు, రెండు పళ్లేలు, ఒక సత్తు తపేలా, ఒక క్యారియరు. వీటిలో ఒక్కటీ మాది కాదు.

ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదని మా అమ్మ చిన్నప్పుడే నూరిపోసింది. ఇంట్లో ఏమీ లేకపోతే చెంచాడు పంచదారైనా వేసి ఇవ్వాలట. అందుకే ఇన్నాళ్లు ఆగాను, నా కుడిచేత్తో ఏదైనా చేసి పెట్టి ఇద్దామని. ఆగిన కొద్దీ గిన్నెలు పెరిగాయి తప్ప చెయ్యి తొందరపడలేదు. కనీసం మాటైనా ముందు అప్పజెబుదామని ఇది రాస్తున్నాను.

తెలియని వాళ్ల కోసం జరిగింది చెబుతాను. మేము విశాఖపట్నం కంచరపాలెంలో నాలుగంతస్తుల పాత బిల్డింగులో రెండో అంతస్తులో ఉంటాం. లిఫ్టు లేదు. మా ఆయన సరుకు ఓడలో పనిచేస్తారు, ఎక్కితే ఏడెనిమిది నెలలకు గానీ దిగరు. పెద్దది ఒకటో తరగతి. చిన్నవాడికి అప్పటికి పది నెలలు. అక్టోబరు 25న నాగుల చవితి. పుట్టలో పాలు పోసి రావాలని చెంబు పట్టుకుని గబగబా దిగుతున్నాను. మెట్లు తడిగా ఉన్నాయి. జారాను. కింద పడేటప్పుడు ఎవరైనా చెయ్యి చాపుతారు కదా, నేనూ అదే చేశాను. ఒళ్లంతా ఆ చేతి మీదే పడింది. కుడి మణికట్టు దగ్గర ఎముక విరిగింది. ఆ సమయానికి చంటివాడు నా చంకలో లేడు, పై వాటా మామ్మగారి ఒళ్లో ఉన్నాడు. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా ఇప్పటికీ గుండె ఒకసారి ఆగుతుంది. పాలు మాత్రం నాగదేవతకు ముందు మెట్లకే దక్కాయి.

ఆరు వారాల ప్లాస్టరు అన్నారు. చెయ్యి గుండె కంటే ఎత్తులో ఉంచమన్నారు, వేళ్లు కదుపుతూ ఉండమన్నారు, తడి తగలనివ్వద్దన్నారు, బరువు ఎత్తవద్దన్నారు. మా ఇంట్లో ఉన్న బరువు ఎనిమిదిన్నర కిలోలు, రోజుకు నలభై సార్లు చేతులు చాపి ఎత్తుకోమంటుంది. ఆ సంగతి డాక్టరుగారికి చెబితే నవ్వి, "అదే అసలు ఎత్తకూడదు" అన్నారు.

అమ్మ వచ్చి ఉండే వీలు లేదు. మాది ఉద్దానం. నాన్నకు కిడ్నీలు పాడై డయాలసిస్ జరుగుతోంది, అమ్మ పక్కన లేకుండా ఆయన పలాస వెళ్లలేరు. మా అత్తగారికి మోకాలి ఆపరేషను అయి నెల కూడా కాలేదు. మా ఆయన ఫోనులో "వచ్చేస్తాను" అన్నారు గానీ సముద్రం మధ్యలోంచి ఎలా వస్తారు?

రెండు చేతులు ఉండగా ఎవరూ గమనించరు, ఇంట్లో ఏ పనికి రెండు చేతులు కావాలో. పాల ప్యాకెట్టు కత్తిరించడానికి కావాలి. కుక్కరు మూత పెట్టడానికి, ఉడికిన గుడ్డు పెంకు తీయడానికి, గుడ్డలు పిండటానికి, పెన్సిలు చెక్కడానికి కావాలి. చంటివాడి లంగోటీ మార్చడానికి రెండు కాదు, మూడు కావాలి. మొదటి రోజు పాల ప్యాకెట్టు పళ్లతో చింపాను. అర లీటరులో సగం నైటీ తాగింది.

అప్పటికీ నా నోటి నుంచి సాయం అనే మాట రాలేదు. "ఏమైనా కావాలంటే చెప్పండి" అని చాలామంది అన్నారు. వాళ్లందరికీ పేరు పేరునా కృతజ్ఞతలు. మనస్ఫూర్తిగానే అన్నారని తెలుసు. కానీ ఆ మాటకు నా దగ్గర ఎప్పుడూ ఒకటే జవాబు: "పర్వాలేదండీ." అడిగి పని చేయించుకోవడం నాకు చేతకాదు. మీలో చాలామందికీ చేతకాదనే నా అనుమానం. నన్ను నిలబెట్టింది అడగకుండా లోపలికి వచ్చేసిన వాళ్లు.

అందరికంటే ముందు పై వాటా మామ్మగారు. డెబ్భై దాటిన మనిషి. మర్నాడు పొద్దున్నే తలుపు తోసుకుని వచ్చి, "అమ్మాయ్, నీళ్లు కాగాయా?" అన్నారు. స్నానాలగదిలో పీట మీద కూర్చుని, కాళ్లు చాపి, మా వాడిని కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టి నీళ్లు పోయడం మొదలుపెట్టారు. వాడు నా దగ్గరైతే బిల్డింగు అంతా వినబడేలా ఏడుస్తాడు. ఆవిడ కాళ్ల మీద కిక్కురుమనలేదు. నలభై రెండు రోజులూ ఆవిడే పోశారు. సాంబ్రాణి పొగ మాత్రం వద్దన్నాను, పసివాళ్ల ఊపిరితిత్తులకు మంచిది కాదని పిల్లల డాక్టరు చెప్పారు. ఆవిడ మొహం చిన్నబుచ్చుకున్నారు గానీ పొగ వేయలేదు. మాడుకు ఆముదం మాత్రం నా కళ్లు గప్పి రోజూ పెట్టారు. మామ్మగారూ, వాసన దాగదండీ.

ప్లాస్టరు మీద ఆవిడకు బొత్తిగా నమ్మకం లేదు. పుత్తూరు కట్టు కట్టించుకుంటే ఇన్నాళ్లు పట్టేది కాదని ఆవిడ వాదన. కోడిగుడ్డు తెల్లసొన, ఆకు పసరు, వెదురు బద్దలు, పైన గుడ్డ. వాళ్ల పెద్దన్నయ్యకు అలాగే అతికిందట. విశాఖ నుంచి పుత్తూరు ఏడెనిమిది వందల కిలోమీటర్లు, చంటిపిల్లవాడితో ఎలా వెళ్లను అంటే, "మనసుంటే వెళ్లవచ్చు" అన్నారు. ప్లాస్టరు విప్పాక ఎక్సరేలో ఎముక చక్కగా అతికినట్టు కనిపించింది. చూపిస్తే, "ఊఁ, ఆముదం పెట్టాను కదా" అన్నారు. వాడి తలకు పెట్టిన ఆముదం నా చేతికి ఎలా పనిచేసిందో నేను అడగలేదు.

ఇక జడల సంగతి. పెద్దదాని బడిలో రెండు జడలు, పైకి మడిచి ఎర్ర రిబ్బన్లు వేయాలి. ఒంటి చేత్తో జడ వేయడం దేవుడి వల్ల కూడా కాదు. జుట్టు కత్తిరించేద్దాం అన్నాను. అది గోడకు ఆనుకుని, శబ్దం లేకుండా ఏడ్చింది. ఆ ఏడుపు ఎలా తెలిసిందో గానీ, కింద వాటాలో ఒంటరిగా ఉండే బాబాయిగారు మర్నాడు ఏడు నలభైకి తలుపు దగ్గర నిలబడ్డారు. రైల్వేలో లోకో పైలట్‌గా పదవీ విరమణ చేశారు. చేతిలో మూడు పాయలుగా ముడివేసిన కొబ్బరి తాడు ముక్క. రాత్రి కుర్చీకి కట్టి నేర్చుకున్నారట. "ఇంజను నడిపినవాడికి జడ ఒక లెక్కా అమ్మా?" అన్నారు.

లెక్కే అయింది. మొదటి రోజు ఒక జడ చెవి పక్కన, రెండోది మెడ వెనక వచ్చాయి. పిల్ల అద్దంలో చూసుకుని మూతి ముడిచింది. ఆయన ఏమీ అనుకోకుండా కథ ఎత్తుకున్నారు. ఆయన చాలా ఏళ్లు కొత్తవలస – కిరండోల్ మార్గంలో బండి నడిపారు. బైలదిల్లా నుంచి ఇనుప ఖనిజం కిందికి తెచ్చే లైను. అనంతగిరి కొండల మీదుగా అరకు వెళ్లిన వాళ్లకు ఆ సొరంగాలు తెలుసు, లైను పొడవునా యాభై ఎనిమిది ఉన్నాయి. ఆయన జడను ఆ లైనుగా మార్చేశారు. పాపిడి దగ్గర కొత్తవలస. ఒక్కో మెలికకు ఒక్కో స్టేషను. బొడ్డవర, శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, శిమిలిగుడ. రిబ్బను ముడి పడితే అరకు. మధ్యలో పాయ జారితే "సిగ్నలు పడలేదు, బండి వెనక్కి" అనేవారు. పిల్ల బొమ్మలా కూర్చునేది. నా దగ్గర ఎన్నడూ అంత కుదురుగా కూర్చోలేదు.

రెండో వారానికి జడలు బడిలో పేరు తెచ్చుకున్నాయి. వాళ్ల టీచరు "మీ అమ్మ బాగా వేసిందే" అంటే ఇది, "మా అమ్మ కాదు, రైలు తాతయ్య" అని చెప్పిందట. నా చెయ్యి బాగయ్యాక ఒకరోజు నేను జడ వేయబోతే, "నీకు స్టేషన్లు రావు" అంది. నిజమే, మల్లివీడు ఎక్కడ వస్తుందో నాకు తెలియదు. బాబాయిగారూ, మీ ఉద్యోగం ఇంకా ఉంది. ఏడు నలభైకే.

నేను పడిన మూడు రోజులకే మొంథా తుపాను. బడులకు సెలవులిచ్చారు. 28వ తేదీ సాయంత్రానికి కరెంటు పోయింది, మోటారు లేదు, కుళాయిలో నీళ్లు లేవు. కిటికీ తలుపులు కొట్టుకుంటుంటే చిన్నవాడు గుక్కపట్టి ఏడుపు, పెద్దది నా ప్లాస్టరు చేతినే గట్టిగా పట్టుకుంది. ఫోనులో ఛార్జింగు తొమ్మిది శాతం. ఎక్కడో దూరాన ఓడలో ఉన్న మనిషి, ఒడ్డున ఉన్న మా గురించి భయపడి ఫోను మీద ఫోను చేశారు. ఉన్న తొమ్మిది శాతం దానికే అయిపోయింది.

ఈ బిల్డింగులో తుపాను అంటే ఒక పద్ధతి ఉందని నాకు ఆ రాత్రే తెలిసింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఇక్కడ రోజుల తరబడి కరెంటు లేదట, పాల ప్యాకెట్టు దొరకడమే గగనమైందట. మేడ మీద ఒకే పొయ్యి పెట్టి అందరికీ కలిపి వండుకున్నారట. నేను ఆ తర్వాత వచ్చినదాన్ని. ఈసారి నాకు చెప్పకుండానే మూడో అంతస్తు అబ్బాయిలిద్దరు సంపులోంచి తోడి మా బకెట్లన్నీ నింపి వెళ్లారు. డిగ్రీ చదువుతున్న పిల్లలు, ఎదురుపడితే ఫోనులోంచి తల ఎత్తరని నేను విసుక్కున్న పిల్లలు. ఆ విసుగును వెనక్కి తీసుకుంటున్నాను. అదే రాత్రి తొమ్మిదికి తలుపు చప్పుడైంది. తీసి చూస్తే గుమ్మంలో క్యారియరు. రెయిన్‌కోటు వేసుకున్న మనిషెవరో మెట్లు దిగిపోతున్నారు. పిలిచాను, గాలిలో వినబడలేదు. వేడి ఉప్మా, చంటివాడికి మెత్తగా ఉడికించిన పెసరపప్పన్నం, ఇంకో గిన్నెలో ఆవకాయ. అంత వానలో చంటివాడికి వేరుగా ఉప్పూకారం లేకుండా వండాలని ఆలోచించిన మనిషి ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు.

మా వీధి అంగన్‌వాడీ ఆయాకు కూడా చెప్పాలి. బాలామృతం పొడి, గుడ్లు నేను వెళ్లి తెచ్చుకోవలసినవి. ఆమే సంచిలో వేసుకుని మెట్లెక్కి తెచ్చేది. తెచ్చి ఇచ్చి వెళ్లిపోకుండా, పొడి నీళ్లలో కలిపి ఉడికించి, వాడికి తినిపించి, గిన్నె కడిగి మరీ వెళ్లేది. బరువు తగ్గాడేమోనని నేను బెంగపడుతుంటే కేంద్రానికి ఎత్తుకెళ్లి తూచి తీసుకొచ్చింది. మూడు వందల గ్రాములు పెరిగాడు. పెరగడా మరి, నాలుగిళ్లలో తింటే.

బడి ఆటో అతను రోడ్డు మీద హారను కొట్టి ఆగే మనిషి. ఆ ఆరు వారాలు మాత్రం రెండు అంతస్తులు ఎక్కి వచ్చి, బూట్ల లేసులు కట్టి, సంచి తన భుజాన వేసుకుని దింపుకెళ్లాడు. అదనంగా డబ్బులు ఇవ్వబోతే, "మా ఇంట్లోనూ ఇద్దరున్నారు మేడం" అన్నాడు. అంతే.

చిన్నవాడి గురించి ఒకటి చెప్పాలి. మొదటి వారం వాడు నా ముందు చేతులు చాపి నిలబడి, నేను ఎత్తుకోకపోతే నా చీర కొంగు కొరికేవాడు. తర్వాత తర్వాత నా దగ్గర చేతులు చాపడం మానేశాడు. మిగతా అందరి దగ్గరా చాపేవాడు. ఆ బాధ ఎవరికీ చెప్పుకోలేదు, చెప్పుకునే బాధ కాదు. నవంబరు చివర్లో ఒక సాయంత్రం మామ్మగారు వాడిని గోడ దగ్గర నిలబెట్టారు. నేను ఎదురుగా నేల మీద కూర్చుని ఉన్నాను. నాలుగడుగులు వేసి ప్లాస్టరు మీద ధబేలున పడ్డాడు. నొప్పికి కళ్లలో నీళ్లు తిరిగాయి. నొప్పికే అని మామ్మగారితో చెప్పాను.

డిసెంబరు 6న ప్లాస్టరు తీశారు. చెయ్యి సన్నబడి, పొట్టు రాలుతూ, ఎవరిదో చెయ్యిలా ఉంది. మణికట్టు బిగుసుకుపోయింది. మెత్తటి బంతి ఒకటి ఇచ్చి రోజుకు ఇన్నిసార్లు నొక్కమన్నారు. బంతి చిన్నవాడు ఎత్తుకుపోయాడు. అందుకని మినుములు దోరగా వేయించి, విసిరించి, బెల్లం, నెయ్యి కలిపి సున్నుండలు కట్టడం మొదలుపెట్టాను. గట్టిగా నొక్కితే గానీ ఉండ రాదు కదా, వ్యాయామానికి వ్యాయామం, గిన్నెలకు గిన్నెలు. మొదటి వాయి ఉండ కట్టలేదు, పొడిగానే చెంచాలతో తిన్నాం. రెండోది బాగానే వచ్చింది. ఈ ఆదివారం నుంచి పెద్దది జడలూపుకుంటూ మీ ఇళ్లకు వస్తుంది. సున్నుండ మీద నా వేళ్ల ముద్ర ఒకవైపు లోతుగా, ఒకవైపు పైపైన ఉంటే తప్పు పట్టకండి, బొటనవేలు ఇంకా దారికి రాలేదు.

గిన్నెల మీద చుక్కలు చుక్కలుగా చెక్కించిన పేర్లను బట్టి పన్నెండింటి సొంతదారులు తేలారు. సత్తు తపేలా మీద పేరు లేకపోయినా అది మామ్మగారిదని ఆముదం వాసనే చెప్పింది. తేలనిది తుపాను రాత్రి వచ్చిన క్యారియరు ఒక్కటే. మూడు గిన్నెలది. మూత మీద "ఆర్.ఎస్. 1991" అని ఉంది. బిల్డింగు అంతా అడిగాను, ఎదురు సందులో అడిగాను, మాది కాదంటే మాది కాదన్నారు. దానికి సున్నుండలు విడిగా తీసి ఉంచాను. మీదైతే వచ్చి తీసుకోండి, లేదా ఎవరిదో తెలిస్తే చెప్పండి. కింది గిన్నె అంచు సొట్ట వచ్చేటప్పటికే ఉంది. మూత మీద సొట్ట మాత్రం మా వాడి పనే.