కరెంటు పోతే గుడ్లూ పిల్లలూ జాగ్రత్త

అందరికీ నమస్కారం. ఈ గాలివానకి రాత్రి కరెంటు పోయేలా ఉంది. ఇంక్యుబేటర్‌లో కోడిగుడ్లు పెట్టినవాళ్ళు టెన్షన్ పడి మాటిమాటికీ మూత తీయకండి, లోపలున్న వేడి కాస్తా పోతుంది. పైన దుప్పటి కప్పండి, గాలి రంధ్రాలు మాత్రం వదిలేయండి. 18 రోజులు దాటిన గుడ్లలో పిల్ల తన వేడి తనే పుట్టిస్తుంది, దానికి గాలి ఎక్కువ కావాలి. గంటో రెండు గంటలో చల్లబడ్డాయని గుడ్లు పారేయొద్దు. పిల్లలు బయటికి రావాల్సిన 21వ రోజు దాటినా ఒకట్రెండు రోజులు ఆగి చూడండి.

పుట్టిన పిల్లల విషయంలో మాత్రం ఆలస్యం పనికిరాదు. మొదటి వారం వాటికి 32-35 డిగ్రీల వేడి కావాలి. 2023 డిసెంబర్‌లో మిగ్‌జాం తుఫానప్పుడు చెన్నైలో మా వేళచ్చేరి ఇంట్లో అట్టపెట్టెలో వేడినీళ్ళ సీసాని పాత లుంగీలో చుట్టి పెట్టాను. అప్పటిదాకా ఒకదానిమీద ఒకటి ఎక్కి కీచుకీచుమన్నవి, పావుగంటకల్లా సీసాకి ఆనుకుని నిద్రపోయాయి. అందుకే కరెంటు ఉన్నప్పుడే ఫ్లాస్కుల్లో వేడినీళ్ళు నింపుకోండి, చల్లారేలోపు మారుస్తుండాలి. పిల్లలు సీసాకి దూరంగా జరిగి నోళ్ళు తెరిస్తే వేడి ఎక్కువైనట్టు.

తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టకండి, దయచేసి. మనుషుల ప్రాణాలకే ముప్పు.

ఇన్వర్టర్ ఉండి, రాత్రికి ఒక పెట్టె పెట్టుకోనిచ్చేవాళ్ళు ఇప్పుడే ఇక్కడ చెప్పండి.