మతం గడిలో వాళ్లు చెప్పిందే రాయాలి

సంపాదకులకు నమస్కారం.

2027 జనగణనలో ఆదివాసుల మతానికి వేరే కాలమ్ ఎందుకు, అందరితో పాటు రాసేస్తే పోలా అని వరంగల్‌లో చదువుకున్నవాళ్లే అంటుంటే బాధగా ఉంది. చిన్న జాతుల మతాన్ని రాజ్యమే తేల్చేస్తే ఏమవుతుందో రష్యా చరిత్ర చూస్తే తెలుస్తుంది.

1552లో జార్ నాలుగో ఇవాన్ కజాన్‌ను గెలిచాక వోల్గా నది తీరంలోని తాతార్ ముస్లింలతో పాటు చువాష్, మారి, ఉద్ముర్త్ జాతులు మాస్కో ఏలుబడిలోకి వచ్చాయి. వీళ్లలో మారి జాతి వాళ్లు అడవి తోపుల్లో మొక్కుకునేవాళ్లు. 1740లో ప్రభుత్వం మతమార్పిడుల కోసమే ఒక ఆఫీసు తెరిచింది. బాప్తిస్మం తీసుకుంటే మూడేళ్లు పన్ను మాఫీ, సైన్యానికి మనుషుల్ని పంపే బాధ ఉండదు, పైగా బట్టలు, డబ్బు. అయితే ఖజానా ఆ పన్ను వదులుకోలేదు, మతం మారని ఇరుగుపొరుగు మీద వేసింది. ఇంకెన్నాళ్లు నిలబడతారు? కజాన్ చుట్టుపక్కల వందల మసీదులు కూల్చేశారు. రికార్డుల్లో లక్షల మంది క్రైస్తవులయ్యారు.

తోపుల్లో మొక్కులు మాత్రం ఆగలేదు, నేటికీ సాగుతున్నాయి. 1905లో మతస్వేచ్ఛ ఇవ్వగానే, తరతరాలుగా క్రైస్తవులుగా నమోదై ఉన్న తాతార్లు వేల మంది తిరిగి ముస్లింలుగా రాయించుకున్నారు. చువాష్‌లలో చాలామంది నిజంగానే ఆర్థడాక్స్ క్రైస్తవ విశ్వాసులయ్యారు. 1860ల తర్వాత వాళ్ల సొంత భాషలో బడులు, ప్రార్థనలు రావడం అందుకు ఒక కారణం. అలా మనసుకు నచ్చి మారితే, అది చర్చికైనా గుడికైనా, ఎవరూ కాదనకూడదు.

మన దగ్గర 1941 దాకా జనగణనలో ఆదివాసుల విశ్వాసాలకు వేరే లెక్క ఉండేది. 1951 నుంచి తీసేశారు. అయినా 2011లో దాదాపు 50 లక్షల మంది పట్టుబట్టి తమ మతం 'సర్నా' (జార్ఖండ్ వైపు ఆదివాసుల విశ్వాసం) అని రాయించుకున్నారు. మేడారంలో విగ్రహం లేని గద్దెల దగ్గర పూజ చేసేది కోయ వడ్డెలు. కేస్లాపూర్‌లో నాగోబాను కొలిచేది గోండుల్లోని మెస్రం వంశం. ఆ పూజకు ఏ పేరు పెట్టుకోవాలో చెప్పాల్సింది వాళ్లే. కప్పం కట్టలేమన్నందుకు మేడారం సమ్మక్క-సారలమ్మల మీదికి కాకతీయ సేన వచ్చిందన్న కథను ఏటికేడు చెప్పుకునే మనకు ఇది మరొకరు గుర్తు చేయాలా?

కేంద్రం వేరే కాలమ్ ఇవ్వాలి. అది వచ్చేదాకా ములుగు, ఆసిఫాబాద్, ఆదిలాబాద్ కలెక్టర్లు ఎన్యూమరేటర్ల శిక్షణలోనే గట్టిగా చెప్పాలి: మతం ఏమిటని అడగకుండా ఊహించి రాయొద్దు, చెప్పిన పేరు పూర్తిగా రాయాలి, రాసింది ఇంటివాళ్లకు చదివి వినిపించాలి. గోండి, కోయ మాట్లాడే టీచర్లనే ఆ గూడేలకు పంపాలి.

— ఒక చరిత్ర అధ్యాపకురాలు, హనుమకొండ