బోరు పైపు ముక్క మీద చింతతోపు

సంపాదకులకు,

మీ ఆదివారం సంచికలో మిద్దెతోటల మీద వచ్చిన వ్యాసం చదివాను. కుండీల్లో పొట్టిగా పెంచే బోన్సాయ్ చెట్లను వనంలా గుంపుగా నాటాలంటే సహజమైన రాతిపలక ఉండి తీరాలని అందులో రాశారు. రాసినవారు ఆ పలకను ఎప్పుడైనా మూడో అంతస్తుకు మోశారా అని నా అనుమానం. నేను కడపవాణ్ని. మా ఊరి పేరుతోనే నాపరాయి దేశమంతా అమ్ముడుపోతుంది. మా ఇంట్లో గచ్చు, అరుగు, వంటగట్టు అన్నీ అదే. కాబట్టి రాయి మీద నాకు కోపమని ఎవరూ అనుకోనక్కర్లేదు. అయినా నా వనాలు మాత్రం ఇంట్లో చేసుకున్న ప్లాస్టిక్ పలకల మీదే ఉన్నాయి.

ముందు బరువు లెక్క చూడండి. రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అంగుళం మందం ఉన్న కడప రాయి దాదాపు 19 కిలోలు తూగుతుంది. దాని మీదికి తడిమట్టి, మొక్కలు చేరాక ఇద్దరు పట్టనిదే కదలదు. అదే కొలతల్లో ఆరు మిల్లీమీటర్ల మందం పీవీసీ పలక రెండున్నర కిలోలు కూడా ఉండదు. పైగా మా మే నెల ఎండకు నల్లరాయి కాగిపోతుంది. రెండంగుళాల మట్టిలో ఉన్న వేళ్లకు ఆ వేడి నుంచి తప్పించుకునే చోటేదీ? కడప రాయి సున్నపురాయి జాతిదన్న సంగతి కూడా మరవకూడదు. చింతకూ మర్రికీ దానితో పేచీ లేదు గాని, ఆమ్లనేల కోరే అజేలియా వంటివాటికి అది సరిపడదు.

ప్లాస్టిక్ కోసం నేను దుకాణానికి వెళ్లలేదు. పని చేసినంత కాలం నా బతుకు బోరు బండి మీదే గడిచింది. బోరు వేసేటప్పుడు గట్టిరాయి తగిలేదాకా, మట్టి కూలకుండా కేసింగ్ పైపు దించుతాం. నేల పైకి మిగిలిన ముక్కను రంపంతో కోసి పక్కన పడేస్తాం. ఆ నీలిరంగు ముక్కలు రాయలసీమలో ఏ దొడ్డిలో చూసినా కనిపిస్తాయి. కొన్ని కోళ్ల నీళ్లతొట్లు అవుతాయి, కొన్ని పాతసామాన్ల బండెక్కుతాయి, కొన్నింటిని చెత్తతో కలిపి తగలబెడతారు. 180 మిల్లీమీటర్ల బయటి వ్యాసం ఉన్న పైపును నిలువునా చీల్చి పరిస్తే 56 సెంటీమీటర్ల వెడల్పు వస్తుంది. పొడవు మన ఇష్టం. పలుచటి నాసిరకం పైపు జోలికి మాత్రం పోవద్దు. అది తడిమట్టి బరువుకే జారబడుతుంది.

ఆ గొట్టాన్ని చదును చేయడంలోనే ఉంది పనితనమంతా. మా ప్లంబర్లు పైపు వంచాలంటే గుడ్డపేలికలు ముట్టించి మంట చూపిస్తారు. ఈ ఉత్తరం చదివి ఎవరైనా పలక చేయబూనితే ఆ పద్ధతిని దయచేసి అనుసరించకండి. పీవీసీ మాడినప్పుడు హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. తడి తగిలితే అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. మన కళ్లలోనూ గొంతులోనూ ఉన్నది తడే కదా. నేను మరిగే నీళ్లు వాడతాను. ఈ ప్లాస్టిక్ 80 డిగ్రీల దరిదాపుల్లోనే మెత్తబడటం మొదలుపెడుతుంది, నీళ్లేమో మరిగేటప్పుడు 100 డిగ్రీల దగ్గర ఆగిపోతాయి. కనుక ఎంతసేపు ఉంచినా మాడదు. అన్నదానాలకు వాడే పెద్ద గంగాళం ఒకటి అద్దెకు తెచ్చుకుంటే చాలు. చీల్చిన ముక్క మెత్తబడ్డాక మందపాటి చేతితొడుగులతో ఇద్దరు చెరోవైపు పట్టి విప్పాలి, రెండు చెక్కల నడుమ పెట్టి బరువు వేయాలి. ఆ బరువుకు మాత్రం కడప బండను మించింది లేదని ఒప్పుకుంటాను. ఒక్క విడతలో పూర్తిగా చదును కాకపోతే మళ్లీ ముంచాలి. కాస్త మిట్టపల్లాలు మిగిలినా మంచిదే, రాయికీ అవి ఉంటాయి.

అంచులు తిన్నగా ఉంటే ఎంత రంగు పూసినా అది రాయి అనిపించదు. అందుకని కటింగ్ ప్లయరుతో అంచును అక్కడక్కడా కొరికినట్టు తుంచుతాను. తర్వాత గరిటెతో మరిగే నీళ్లు పోస్తూ వేలెడు వెడల్పున పైకి లేపుతాను. నీళ్లు పోసినప్పుడు మట్టి జారకుండా ఆ గట్టు ఆపుతుంది. ఇక ఉపరితలాన్ని ఎమరీ కాగితంతో గరుకు చేయాలి. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. పాత పీవీసీ పైపుల తయారీలో సీసం కలిసిన పదార్థాలు వాడేవారు. వాటిని తొలగించడానికే కేంద్రం 2021లో నిబంధనలు తెచ్చింది. మన చేతికొచ్చిన ముక్క ఏ కాలం నాటిదో దాని మీద రాసి ఉండదు. అందుకని నీళ్లు చల్లుతూ తడిగానే రుద్దండి, పొడి లేవనివ్వకండి, పిల్లల్ని దూరంగా ఉంచండి. ఆ పలక మీద కొత్తిమీర, పాలకూర పెంచాలన్న ఆలోచన అసలే వద్దు.

గరుకు చేశాక, పైపులు అతికించే సొల్యూషన్‌ను కుంచెతో పూసి, ఆరకముందే జల్లించిన క్రషర్ పొడి చల్లాలి. సొల్యూషన్ ప్లాస్టిక్ పైపొరను కరిగిస్తుంది కనుక పొడి అందులో కూరుకుపోయి పట్టుకుంటుంది. పైపును సిమెంటు గోడలో బిగించేటప్పుడు మేస్త్రీలు వాడే కిటుకే ఇది. ఆరుబయట, పొయ్యికి దూరంగా చేయాలి. రెండు పూతలయ్యేసరికి నీలిరంగు జాడ ఉండదు, ఎండ కూడా ప్లాస్టిక్‌కు నేరుగా తగలదు. నీళ్లు పోవడానికి పల్లంలో పెద్ద రంధ్రాలు, చెట్లను తీగతో కట్టడానికి జంటలు జంటలుగా సన్న రంధ్రాలు వేయాలి. అడుగున పైపు ముక్కలే కాళ్లుగా అతికిస్తే పలక వంగదు. ఒక్కసారి వేడి చేసి చదును చేసిన పైపు మళ్లీ వేడెక్కితే పాత గుండ్రానికి తిరగాలని చూస్తుంది. కాబట్టి ఉత్త పలకను నడివేసవి మిద్దె మీద వదలకూడదు. నాటాక కూడా నీడవల కిందే ఉంచాలి. వేసవిలో చెట్లకూ కావలసింది అదే.

నా పలక మీద ఉన్నది చింతతోపు. గింజ నుంచి పెంచిన ఏడు మొక్కలు. చింతకు ఆకులు సహజంగానే చిన్నవి గనుక చెట్టు పొట్టిదైనా కొలత కుదురుతుంది. లావుపాటిది ముందు, మధ్యకు కొంచెం పక్కగా. సన్నవి వెనక. ఎదుట నిలబడి చూస్తే ఏ మానూ మరో మానును కప్పకూడదు, ఏ మూడూ ఒకే వరుసలో ఉండకూడదు. అంచు చుట్టూ చెరువు మట్టి, పేడ, సన్నగా తరిగిన కొబ్బరిపీచు కలిపి పిసికిన ముద్దతో గట్టు కట్టాను. లోపల జల్లించిన ఇటుక ముక్కలు, కంపోస్టు.

ఇదంతా మీకు రాయడానికి కారణం ఉంది. ఈ తోపును ఒక పూల ప్రదర్శనకు తీసుకెళ్లాను. దరఖాస్తులు తీసుకునే ఆయన చెట్ల వంక చూడకుండానే పలకను వేలితో తట్టి, రాయి చప్పుడు రాలేదని పోటీలోంచి తీసి పక్కబల్ల మీద పెట్టించారు. పోటీ బల్ల మీద ఫైబర్ గ్లాస్ పలక ఒకటి దర్జాగా ఉంది. దుకాణంలో డబ్బు పోసి కొన్నది కాబట్టి దానికి రాతి హోదా దక్కినట్టుంది. అమెరికా బోన్సాయ్ కళాకారుడు జాన్ నాకా 11 జునిపర్ చెట్లతో, మనవల్లో ఒక్కొక్కరికి ఒక్కో చెట్టుగా తీర్చిదిద్దిన ‘గోషిన్’ వనం 1984 నుంచి అమెరికా వాళ్ల జాతీయ బోన్సాయ్ సేకరణలో ఉంది. దాని ఫొటో చూపిస్తే ఎవరైనా చెట్ల గురించే అడుగుతారు. మా ఊరి ప్రదర్శనలో మాత్రం ముందు పళ్లేనికి పరీక్ష.

పలక చెట్టును మించి కంటికి కొట్టకూడదని న్యాయనిర్ణేతలు అంటే తలవంచుతాను. అది సరైన నియమం. నా పలక అలా కొట్టిందనిపిస్తే మార్కులు తగ్గించనీయండి. తట్టి చూసి వెళ్లగొట్టడం మాత్రం అన్యాయం. చెత్తలో కాలిపోవలసిన ముక్కను వాడుకున్నవాడికి ప్లాస్టిక్ వాడావన్న నింద ఏమిటి? పలక కోసం కొత్త పైపు కొనే మనిషి ఉంటే అతన్ని మీతోపాటు నేనూ తిడతాను.

ఏ పదార్థంతో చేసిన పలకైనా సరేనా, కాదా అన్నది ప్రదర్శనలవారు దరఖాస్తు కాగితం మీదే అచ్చువేయాలి. కాదంటే ఫైబర్ గ్లాస్‌కూ అదే వర్తించాలి. మీ మిద్దెతోటల పేజీలో కూడా రాతిపలక మాట సవరించి, మంట వాడవద్దన్న హెచ్చరికను తప్పకుండా ఈ ఉత్తరంతోపాటు వేయగలరు. స్థలం చాలక కత్తిరించవలసి వస్తే జాన్ నాకా సంగతి తీసేయండి, వేడినీళ్ల సంగతి ఉంచండి.

ఇట్లు,
విశ్రాంత బోరు మెకానిక్,
కడప