ఓటు కంటే ముందు కట్టిన మేడ

సంపాదకులకు,

అమెరికాలో స్త్రీల ఓటు హక్కుపై మీరు ప్రచురించిన వ్యాసం యూటా ప్రాంతాన్ని ఒక్క వాక్యంతో దాటవేసి, అక్కడి మోర్మన్ (అమెరికాలో పుట్టిన ఒక క్రైస్తవ శాఖ) స్త్రీలను బహుభార్యాత్వ బాధితులుగా మాత్రమే పేర్కొంది. ఆ ఆచారాన్ని సమర్థించడం నా ఉద్దేశం కాదు. కానీ వారు పూనుకొని కట్టించుకున్న భవనాల ఊసెత్తకుండా వారి ప్రజాజీవితాన్ని తేల్చివేయడం సరికాదు.

వారి సంఘమైన రిలీఫ్ సొసైటీ 1842లో ఇల్లినాయ్‌లోని నావూ పట్టణంలో ఒక ఎర్ర ఇటుకల దుకాణం మేడ మీద ఆరంభమైంది. 1868 నవంబరులో యూటాలోని సాల్ట్ లేక్ సిటీ పదిహేనో వార్డు (మోర్మన్లు తమ పేట సంఘాన్ని వార్డు అంటారు) స్త్రీలు సొంత మందిరానికి శంకుస్థాపన చేసినప్పుడు, వారి అధ్యక్షురాలు సారా కింబల్ మనసులో ఉన్నది ఆ పాత దుకాణమే. స్వయంగా తాపీ పట్టిన ఆమె, కింది అంతస్తు వర్తకానికి, పై అంతస్తు కళలకూ శాస్త్రాలకూ అని ఆనాడే ప్రకటించారు. చర్చి అధికారమంతా పురుషులదే అయిన ఆ సమాజంలో, స్త్రీలు తమ సరుకు తామే అమ్ముకొని, తమ సభ తామే జరుపుకొనే చోటు ఒకటి ఏర్పడడం చిన్న విషయమని నేను అనుకోను.

బహుభార్యాత్వాన్ని శిక్షించే కల్లమ్ బిల్లు వాషింగ్టన్‌లో చర్చకు రాగా, 1870 జనవరి 6న వారు నిరసన తెలపడానికి సమావేశమైనది ఆ మందిరంలోనే. గవర్నరును ఓటు హక్కు అడగాలని తీర్మానించినదీ అక్కడే. ఫిబ్రవరి 12న చట్టం వచ్చింది, 14న సెరాఫ్ యంగ్ అనే యువతి ఆ చట్టం కింద తొలి ఓటు వేశారు. (వయోమింగ్ చట్టం అంతకు రెండు నెలల ముందుదే అయినా, స్త్రీలు ముందుగా ఓటు వేసినది యూటాలో.) చట్టం చేసిన పురుషులకు తమ లెక్కలు తమకు ఉండవచ్చు, అయినా అడిగిన గొంతులను చరిత్ర నుంచి తీసివేయలేము.

1887లో అమెరికా కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) లాగేసుకున్న ఆ హక్కు 1896లో రాష్ట్ర హోదాతో తిరిగి వచ్చింది. అదే ఏడాది వైద్యురాలు మార్తా హ్యూజ్ కానన్, తన భర్త కూడా అభ్యర్థిగా నిలిచిన ఎన్నికలో గెలిచి, ఆయన ఓడిపోగా, రాష్ట్ర సెనేట్‌లో అడుగుపెట్టారు. ఆమె కూడా సవతులున్న భార్యే. ‘బాధితులు’ అన్న ఒక్క మాటలో ఆమెను ఎలా ఇమిడ్చారో వ్యాసకర్త వివరించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు