లేబర్ లా క్లాసు గోడలు దాటాలి

ఎడిటర్ గారికి నమస్కారం. నేను ఎల్‌ఎల్‌బీ స్టూడెంట్‌ని, లేబర్ లా అంటే చాలా ఇష్టం, కానీ క్లాసులో సెక్షన్లు బట్టీ పట్టించడమే తప్ప జీతం ఆగిపోయిన మనిషి ఎక్కడికెళ్లి అర్జీ పెట్టాలో ఎవరూ చూపించట్లేదండీ. 29 పాత కార్మిక చట్టాలు కలిపి 4 కోడ్‌లు, అంటే 4 పెద్ద చట్టాలు చేశారు, గడువు కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లకి ఏడాదికే గ్రాట్యుటీ (పని మానేటప్పుడు యజమాని ఇచ్చే డబ్బు) అని అందులో రాశారు, అది ఎంతమందికి తెలుసు? 10 మంది, అంతకన్నా ఎక్కువ పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులకి కమిటీ ఉండాలని 2013 చట్టం చెప్తోంది, బట్టల షాపుల్లో పొద్దస్తమానం నిలబడే అమ్మాయిల్ని అడిగి చూడండి, అసలు అలాంటిది ఉందనే తెలీదంటారు. ఆడవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా ఫ్రీగా లాయర్‌ని ఇస్తారన్నదీ అంతే. మా లాంటి స్టూడెంట్స్‌ని వారానికో రోజు లేబర్ ఆఫీసులో కూర్చోబెట్టండి, అర్జీలు మేం రాసిపెడతాం.

- ఒక లా విద్యార్థిని, గుంటూరు